బోటు ప్రొపెల్లర్ మనమే విప్పి మార్చుకోవడం: కృష్ణ ఒడ్డున తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడకు ఎదురుగా, సీతానగరం వైపు ఒడ్డున నా చిన్న ఫైబర్ పడవ ఉంటుంది. వెనక 15 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ మోటారు, అంటే పడవకు బయట తగిలించేది. ఆదివారం పొద్దున్నే మోటారు పైకెత్తి ప్రొపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) విప్పుతుంటే ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. "ఏమైందన్నా, విరిగిందా?" అని మొదటి ప్రశ్న. "ఏం కాలేదు, ఊరికే విప్పుతున్నా" అంటే వింతగా చూస్తారు. ఆ తర్వాత ఇంకో పది ప్రశ్నలు వస్తాయి. అలా వచ్చినవే ఇక్కడ ఒకచోట పెట్టాను.

నేను మెకానిక్‌ని కాదు. ఇది నా వల్ల అవుతుందా?

సైకిల్ చక్రం విప్పి బిగించడం వచ్చినవాళ్లకు ఇదీ వస్తుంది. ఔట్‌బోర్డ్ మోటారుకు ప్రొపెల్లర్‌ను పట్టుకుని ఉండేది ఒకే ఒక్క నట్టు. ఆ నట్టు ఊడిపోకుండా ఒక కాటర్ పిన్ను, అంటే దూర్చి కాళ్లు వంచే రెండు కాళ్ల పిన్ను. చేయి తిరిగాక పావుగంట పని. మొదటిసారి గంట పెట్టుకోండి, మే నెలలో అయితే ఎండెక్కక ముందే మొదలుపెట్టండి. పదకొండు దాటితే మన ఊరి ఎండలో పానా కూడా పట్టుకోలేం.

ఒక్క మినహాయింపు. జనాన్ని ఎక్కించుకుని డబ్బు తీసుకునే పడవ అయితే ఈ పని మీ ఇష్టానికి చేయకండి. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం అలాంటి పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉంటాయి. ప్రొపెల్లర్ సైజు మార్చినా ఆ లెక్కలు చూసేవాళ్లకు చెప్పి చేయడం మంచిది. నేను చెప్పేదంతా సొంతానికి వాడుకునే చిన్న పడవల సంగతి.

ప్రొపెల్లర్, ఫ్యాన్ వేరువేరా?

ఒకటే. రేవులో చాలామంది ఫ్యాన్ అనే అంటారు. కొట్టుకు వెళ్లి ఉత్త ఫ్యాన్ కావాలంటే మాత్రం కూలింగ్ ఫ్యాన్ చూపిస్తారు. అక్కడ బోటు ప్రొపెల్లర్ అనే అడగండి.

ఏమేం సామాను దగ్గర పెట్టుకోవాలి?

నట్టుకు సరిపోయే సాకెట్ పానా, కటింగ్ ప్లేయర్, చెక్క సుత్తి లేదా రబ్బరు సుత్తి, రెండడుగుల చెక్క ముక్క, పాత గుడ్డలు, వైర్ బ్రష్షు, నీళ్లకు కొట్టుకుపోని మెరైన్ గ్రీజు, కొత్త కాటర్ పిన్నులు రెండు మూడు. ఎంత బిగించామో చూపే టార్క్ రెంచి ఉంటే మరీ మంచిది. ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డు ఉంటే ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు.

గ్రీజు విషయంలో పిసినారితనం వద్దు. లారీ బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు నీళ్లలో తొందరగా కడుక్కుపోతుంది. అది పోయాక షాఫ్టు (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు), ప్రొపెల్లర్ హబ్ (రెక్కల మధ్య భాగం) ఒకదాన్నొకటి పట్టేస్తాయి. ఏడాది తర్వాత విప్పబోతే అప్పుడు తెలుస్తుంది, ఆ రోజు మిగుల్చుకున్న డబ్బు ఎందుకు పనికొచ్చిందో.

కాటర్ పిన్ను స్టెయిన్‌లెస్‌ది కొనండి. సైకిల్ కొట్టులో దొరికే ఇనుప పిన్ను రెండు నెలల్లో తుప్పు పట్టి, తలకాయ ఊడి, లోపలి ముక్క రంధ్రంలోనే ఉండిపోతుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఏమిటి?

మోటారు ఏ విధంగానూ స్టార్ట్ కాకుండా చేయడం. మోటారును ఆపేసే కిల్ స్విచ్చికి ఉండే ఎర్ర తాడు క్లిప్పు తీసి జేబులో వేసుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి. స్పార్క్ ప్లగ్గు టోపీలు లాగేయండి. సెల్ఫ్ స్టార్ట్ అయితే బ్యాటరీ నెగెటివ్ వైరు కూడా విప్పేయండి.

ఇంత అవసరమా అనిపిస్తుంది. నాకూ అనిపించేది. ఒకసారి నేను వెనక వంగి నట్టు చూస్తుంటే మా బావమరిది కొడుకు, పదేళ్ల పిల్లాడు, సరదాకి స్టార్టర్ తాడు లాగాడు. ప్లగ్గు టోపీలు తీసి ఉన్నాయి కాబట్టి ఏమీ కాలేదు. వాడు నవ్వాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. రెక్క అంచు బ్లేడంత పదును లేకపోవచ్చు, కానీ దాని వెనక పదిహేను గుర్రాల బలం ఉంటుంది.

చేతికి గుడ్డ చుట్టుకోండి లేదా గ్లౌజులు వేసుకోండి. ఇసుకకు అరిగిన రెక్క అంచు చాకులా తయారవుతుంది.

పడవ నీళ్లలో ఉండగానే మార్చొచ్చా, ఒడ్డుకు లాగాలా?

మోటారు పూర్తిగా పైకెత్తితే ప్రొపెల్లర్ నీటికి పైన వస్తుంది, కాబట్టి మార్చొచ్చు. కానీ ఒడ్డుకు లాగగలిగితే లాగండి. కారణం చిన్నది: నట్టు చేయి జారితే "బుడుంగ్" అంటుంది, అంతే. నా నట్టు ఒకటి సీతానగరం మెట్ల దగ్గర ఇప్పటికీ బురదలో ఉంది. నీళ్లలో చేయక తప్పకపోతే కింద ప్లాస్టిక్ టబ్బు గానీ, నాలుగు మూలలా కట్టిన గుడ్డ గానీ పెట్టుకోండి. నీళ్లలో దిగి కాదు, పడవలో కూర్చునే చేయండి.

ఇంకోటి, విప్పేముందు పడవను ఒడ్డుకు రెండు తాళ్లతో కట్టండి. ప్రొపెల్లర్ లేని పడవ నీరు ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. మన దగ్గర నీరు పోయేది బ్యారేజీ వైపే. 2024 సెప్టెంబరు వరదలో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చినప్పుడు కట్టు తెగిన పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర కౌంటర్‌వెయిట్‌లను (గేట్ల బరువుకు సరితూగే దిమ్మెలను) ఎలా గుద్దాయో ఊరంతా చూసింది. అవి మన చిన్న పడవల కంటే చాలా పెద్దవి. తాడు విషయంలో మాత్రం చిన్నా పెద్దా తేడా లేదు.

సరే, విప్పే పద్ధతి చెప్పండి.

కాటర్ పిన్ను రెండు కాళ్లనూ ప్లేయర్‌తో తిన్నగా చేసి, తలకాయ వైపు నుంచి లాగండి. కొన్ని మోటార్లకు పిన్నుకు బదులు రేకు వాషరు ఉంటుంది. దాని చెవులు నట్టు మీదికి వంచి ఉంటాయి, వాటిని వెనక్కి వంచాలి.

ఇప్పుడు నట్టు తిప్పితే ప్రొపెల్లర్ కూడా తిరుగుతుంది. దాన్ని ఆపడానికే చెక్క ముక్క. ప్రొపెల్లర్ పైన అడ్డంగా పలకలాంటి భాగం ఉంటుంది, మెకానిక్‌లు కావిటేషన్ ప్లేట్ అంటారు. పడవ వెనక నిలబడి చూస్తే మీ కుడి వైపు రెక్కకూ ఆ పలకకూ మధ్య చెక్క ఇరికించండి. విప్పేటప్పుడు కుడి రెక్క పైకి లేవబోతుంది, చెక్క ఆపుతుంది. బిగించేటప్పుడు దీనికి తారుమారు, చెక్క ఎడమ వైపు. రెక్కను చేత్తో పట్టుకుని మాత్రం నట్టు విప్పకండి. గేరులో వేసి ఆపుదాం అనేవాళ్లూ ఉన్నారు, అదీ వద్దు. గేరులో ఉన్న మోటారు పొరపాటున కదిలిందంటే మొదట తిరిగేది మీ చేతిలో ఉన్నదే.

నట్టు వచ్చాక దాని వెనక వాషరు, స్పేసరు వస్తాయి. తర్వాత ప్రొపెల్లర్‌ను రెండు చేతులతో మీ వైపు లాగండి. గ్రీజు బాగుంటే వెన్నలో చాకులా జారి వస్తుంది. చివరికి షాఫ్టు మీద ముందు భాగంలో థ్రస్ట్ వాషర్, అంటే ప్రొపెల్లర్ తోపును తీసుకునే మందపాటి రింగు, మిగులుతుంది. ఒక్కోసారి అది ప్రొపెల్లర్ లోపలే అంటుకుని వచ్చేస్తుంది, అలాంటప్పుడే పోతుంది కూడా.

ఒక్కో భాగం తీయగానే ఫోన్‌తో ఫొటో తీయండి. తీసిన వరుసలోనే తువ్వాలు మీద పేర్చండి. మొదట వచ్చింది ఎడమ చివర, ఆఖరిది కుడి చివర. ఇది నాకు ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ పని చేసే ఒక పెద్దాయన నేర్పిన పద్ధతి. ఆయన లారీ గేర్‌బాక్స్ మొత్తం ఒక గోనెసంచి మీద అలాగే పరుస్తాడు.

నట్టు ఏ వైపు తిప్పితే వస్తుంది?

మామూలు మర. వెనక నిలబడి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి. రెండు మోటార్ల పెద్ద పడవల్లో ఒకదానికి ఎదురు తిరిగే ప్రొపెల్లర్ ఉంటుంది. అలాంటిది మీ దగ్గరుంటే మాన్యువల్ చూశాకే పానా వేయండి.

నట్టు వచ్చింది, ప్రొపెల్లర్ మాత్రం కదలట్లేదు. ఏం చేయాలి?

ఎక్కువ పాడుపని జరిగేది ఇక్కడే. కోపంతో ఇనుప సుత్తి తీసి రెక్కల మీద బాదేస్తారు. అల్యూమినియం రెక్క వంగుతుంది. దెబ్బ షాఫ్టు మీదుగా గేర్లకూ బేరింగులకూ తగులుతుంది.

ముందు తుప్పు వదిలించే నూనె, డబ్ల్యూడీ-40 లాంటిది, హబ్‌కు రెండు వైపులా కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున హబ్ మీద మరిగే నీళ్లు పోయండి. అల్యూమినియం తొందరగా వేడెక్కి కాస్త సాగుతుంది. తర్వాత హబ్ ముందు వైపు చెక్క ఆనించి, రబ్బరు సుత్తితో వెనక్కి, ఒకసారి ఈ పక్క ఒకసారి ఆ పక్క మెల్లగా తట్టండి. గేర్‌బాక్స్‌ను ఆధారం చేసుకుని ఇనుప చువ్వతో ఎత్తకండి, ఆ పోత ముక్క పగిలితే ప్రొపెల్లర్ ఖర్చు కంటే ఎన్నో రెట్లు అవుతుంది.

గ్యాస్ మంట పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వద్దు. హబ్ లోపల రబ్బరు ఉంటుంది, దాని వెనకే ఆయిల్ సీలు, పైన పెట్రోలు. రెండు రోజులు నూనె, వేడినీళ్లతో రాకపోతే పుల్లర్ (బిగుసుకున్నదాన్ని లాగే పరికరం) ఉన్న షెడ్డుకు మోటారు తీసుకెళ్లండి. అది ఓడిపోవడం కిందికి రాదు.

లోపల దారం చుట్టుకుని కనిపించింది. తీసేస్తే సరిపోతుందా?

అసలు విషయం ఇదే. నేను ప్రొపెల్లర్ విరగకపోయినా విప్పేది దీని కోసమే.

కృష్ణలో తంగూసు (నైలాన్ దారం) వలలు ఎన్ని ఉంటాయో పడవ నడిపేవాళ్లందరికీ తెలుసు. తెగిన ముక్కలు నీళ్లలోనే తేలుతుంటాయి. ప్రొపెల్లర్‌కు తంగూసు తగిలితే పెద్ద చప్పుడేమీ ఉండదు. పడవ ఆగదు. దారం మెల్లగా షాఫ్టు మీదుగా ముందుకు పాకి, థ్రస్ట్ వాషర్ వెనక గట్టిగా చుట్టుకుంటుంది. అక్కడ ఆయిల్ సీలు ఉంటుంది. షాఫ్టు వేగంగా తిరుగుతుంటే తంగూసు వేడెక్కి, కరిగి, సీలు పెదవిని కోసేస్తుంది. ఆ సీలు పని గేర్ ఆయిల్‌ను లోపల, నదిని బయట ఉంచడం. సీలు తెగితే రెండూ కలిసిపోతాయి. కొన్నాళ్లకు గేర్లు, బేరింగులు తుప్పు పట్టి గోల పెడతాయి. అప్పుడయ్యే ఖర్చు సెకండ్ హ్యాండ్ మోటారు ధరకు దగ్గరగా ఉంటుంది.

కాబట్టి థ్రస్ట్ వాషర్ తీసి, దాని వెనక గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడండి. దారం కనిపిస్తే చాకుతో కోయకండి, సీలు మీద గీత పడుతుంది. చివర వెతికి, చుట్టుకున్నదానికి ఎదురు దిక్కులో విప్పుతూ లాగండి. వెదురు పుల్ల బాగా పనికొస్తుంది. ఆ తర్వాత సీలు చుట్టూ నూనె చెమ్మ ఉందా అని వేలితో చూసుకోండి. చెమ్మ ఉంటే కథ అక్కడితో అయిపోలేదు.

వినాయక చవితి తర్వాత రెండు మూడు వారాలు నేను ప్రతి ట్రిప్పు తర్వాతా చూస్తాను. నిమజ్జనం అయిన విగ్రహాల్లోంచి కొబ్బరి పీచు తాళ్లు, ఎండుగడ్డి, కట్టుతీగలు నీళ్లలోకి వస్తాయి. తీగ చుట్టుకుంటే తంగూసు కంటే ఘోరం. దసరా రోజుల్లో ఘాట్ల దగ్గర చీర ముక్కలు, పూలదండల దారాలు. అమ్మవారి మీద భక్తి ఉన్నవాళ్లే వేస్తారు, ఏమనగలం.

సీలు తెగిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

గేర్ ఆయిల్ చూడండి. గేర్‌బాక్స్‌కు కింద ఒకటి, పైన ఒకటి రెండు స్క్రూలుంటాయి. మోటారు నిలువుగా పెట్టి, కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి రెండు చుక్కలు తెల్ల పళ్లెంలో పట్టండి. మంచి నూనె అయితే తేనెలానో, వాడినదైతే కాస్త నల్లగానో ఉంటుంది. పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ముందు ఉత్త నీళ్లే కారితే మరీ ఎక్కువ కలిశాయని అర్థం.

నూనె మార్చేటప్పుడు చాలామంది పైనుంచి పోస్తారు. లోపల గాలి ఉండిపోయి నూనె పూర్తిగా నిండదు. కింది రంధ్రం నుంచి ట్యూబు గానీ పంపు గానీ పెట్టి ఎక్కించాలి. పై రంధ్రం నుంచి బుడగల్లేకుండా నూనె పొంగినప్పుడు ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించాలి. స్క్రూల వాషర్లు కొత్తవి వేయండి.

సీలు మార్చడం మాత్రం ఇంట్లో చేయమని నేను చెప్పను. ఒకసారి చేశాను. రెండోసారి మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

మోటారు అరుస్తోంది, పడవ కదలట్లేదు. ప్రొపెల్లర్ పోయినట్టేనా?

రెండు మూడు కారణాలుండొచ్చు. చాలా చిన్న మోటార్లకు, రెండు మూడు హెచ్‌పీ వాటికి, షాఫ్టులో అడ్డంగా షియర్ పిన్ను ఉంటుంది. రాయి తగిలితే ముందు అది తెగి గేర్లను కాపాడుతుంది. నట్టు విప్పి, కొత్త పిన్ను వేస్తే పడవ నడుస్తుంది.

పిన్ను దొరక్క మేకు కోసి పెట్టేవాళ్లను చూశాను. మెత్తని మేకు అయితే వందగజాలు పోకముందే తెగుతుంది. తెలివిగా గట్టి బోల్టు కోసి పెడితే అది ఎప్పటికీ తెగదు, దాని బదులు గేరు పళ్లు తెగుతాయి. మోటారు మూత లోపల రెండు అసలు పిన్నులు టేపు వేసి అంటించి ఉంచుకోండి.

కాస్త పెద్ద మోటార్లకు ప్రొపెల్లర్ హబ్ లోపల రబ్బరు ఉంటుంది. దాని పనీ అదే, దెబ్బను మింగడం. పాతబడితే రబ్బరు జారుతుంది. మెల్లగా పోతే బాగానే పోతుంది, యాక్సిలేటర్ ఇస్తే మోటారు చప్పుడు పెరుగుతుంది గానీ పడవ వేగం పెరగదు. అనుమానం ఉంటే హబ్ లోపలి గొట్టం మీదుగా బయటి భాగం దాకా పెయింటుతో ఒక గీత గీయండి. ఒక రౌండు తిరిగి వచ్చి చూస్తే గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే రబ్బరు జారుతున్నట్టే. కొన్ని రకాలకు హబ్ కిట్ విడిగా దొరుకుతుంది. మిగతావాటికి ప్రెస్సు మీద కొత్త రబ్బరు ఎక్కించాలి, లేదా కొత్త ప్రొపెల్లర్.

మూడోది నీళ్ల మీద తేలే గుర్రపు డెక్క మొక్క. రెక్కల చుట్టూ బంతిలా చుట్టుకుంటే ఏ ప్రొపెల్లరూ తోయలేదు. ఆగి, రివర్సులో ఒక్క క్షణం తిప్పితే చాలాసార్లు వదిలేస్తుంది. వదలకపోతే మోటారు ఆపి, పైకెత్తి చేత్తో తీయండి. తీశాక మళ్లీ స్టార్ట్ చేసి, మోటారు పక్కనుంచి సన్నగా చిమ్మే నీటి ధార వస్తోందో లేదో చూడండి. డెక్క వేళ్లు కూలింగ్ నీరు లాక్కునే జాలీని కూడా మూస్తాయి.

ప్రొపెల్లర్ మీద రెండు అంకెలుంటాయి, అవేమిటి?

మొదటిది వ్యాసం, రెండోది పిచ్. రెండూ అంగుళాల్లోనే. 9¼ × 9 అంటే రెక్కల కొసలు గీసే వలయం అడ్డం తొమ్మిదింబావు అంగుళాలు. ఒక చుట్టు తిరిగితే, నీరు గట్టి మట్టిలా ఉంటే, తొమ్మిది అంగుళాలు ముందుకు పోతుంది. మరచుట్టు చెక్కలోకి దిగినట్టు అనుకోండి.

ఒక చిన్న లెక్క. మోటారు నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతోంది. గేరు నిష్పత్తి 2.08 అనుకుందాం. ప్రొపెల్లర్ సుమారు 2,644 చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు 9 అంగుళాలంటే దాదాపు 23 సెంటీమీటర్లు. గంటకు సుమారు 36 కిలోమీటర్లు వస్తుంది. నీరు మట్టి కాదు కాబట్టి అందులో కొంత జారుతుంది. ఐదో వంతు జారితే 29 మిగులుతుంది. నలుగురు ఎక్కితే ఇంకా తగ్గుతుంది.

ఎక్కువ పిచ్ వేస్తే ఎక్కువ స్పీడు వస్తుందా?

మోటారు తిప్పగలిగితేనే. మీ మోటారు ఫుల్ థ్రాటిల్‌లో ఎంత ఆర్‌పీఎం తిరగాలో మాన్యువల్‌లో ఉంటుంది. చాలా ఫోర్ స్ట్రోక్ మోటార్లకు అది ఐదు వేల నుంచి ఆరు వేల మధ్యలో ఉంటుంది. మామూలు బరువుతో నడిపి ఆ అంకె మధ్యకు పైన వస్తుంటే మీ ప్రొపెల్లర్ సరైనదే, కదిలించకండి. దాని కిందే ఆగిపోతుంటే పిచ్ ఎక్కువైంది. నిండు బస్తాల లారీని టాప్ గేరులో ఘాటెక్కించినట్టు మోటారు మూలుగుతుంది, లోపల మసి పడుతుంది. దాటిపోతుంటే పిచ్ తక్కువ. ఒక అంగుళం పిచ్ మారిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం తేడా వస్తుంది.

నా సొంత అభిప్రాయం: బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం చుట్టూ తిరిగే పడవకు స్పీడు పిచ్చి అనవసరం. ఇద్దరు మనుషులు, వలలు, ఐస్ పెట్టె ఎక్కించే పడవకు ఒక అంగుళం తక్కువ పిచ్చే సుఖం. పికప్ బాగుంటుంది, పెట్రోలు కూడా తక్కువే తాగినట్టు నాకనిపించింది.

అల్యూమినియమా, స్టెయిన్‌లెస్ స్టీలా?

మన నదికి అల్యూమినియం. ఎండాకాలం నీరు తగ్గితే ఇసుక తిన్నెలు పైకి వస్తాయి. 2016 పుష్కరాలకు కట్టిన ఘాట్ల కాంక్రీటు మెట్లు నీళ్లలో ఎక్కడిదాకా ఉన్నాయో పైకి కనిపించదు. అల్యూమినియం రెక్క తగిలితే వంగుతుంది, ముక్క పోతుంది, అంతే. స్టీలు రెక్క వంగదు, దెబ్బ నేరుగా లోపలికి పోతుంది. స్టీలు పల్చగా ఉండి నీటిని బాగా కోస్తుంది, నిజమే, కానీ అది లోతు నీళ్ల సరుకు. ప్లాస్టిక్‌లాంటి కాంపోజిట్‌వి కూడా వస్తాయి. నాగాయలంక వైపు ఒకాయన వాడుతున్నాడు. స్పేరుగా ఉంచుకోవడానికి బాగుంటాయి.

వంగిన రెక్కను ఆటోనగర్‌లో సరిచేయించొచ్చా?

చిన్న చిన్న గంట్లయితే ఆటోనగర్ దాకా కూడా అక్కర్లేదు. ఆకురాయితో మెల్లగా నున్నగా చేయండి. ఒక రెక్కను ఎంత రాశారో మిగతా వాటినీ దాదాపు అంతే రాయండి. తేడా వస్తే పడవ అదురుతుంది.

ముక్క పోతే ఆర్గాన్ వెల్డింగ్‌తో నింపేవాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు, వెల్డింగ్ అద్భుతంగా చేస్తారు. అయితే రెక్క ఒంపు ఎంత ఉండాలో కొలిచే పరికరం అక్కడ ఉండకపోవచ్చు, వాళ్ల చేతిలో రోజూ ఉండేది లారీ సామాను. తెచ్చుకున్నాక మీరే చూసుకోండి. ప్రొపెల్లర్‌ను చదునైన గ్రానైట్ బండ మీద బోర్లించి, ఒక్కో రెక్క కొస బండ నుంచి ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలవండి. వంటింటి గట్టు మీద చేశాను నేను, మాటలు పడ్డాను. మూడు కొలతలూ రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే దాన్ని స్పేరుగా పక్కన పెట్టి కొత్తది కొనుక్కోండి.

కొత్తది కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

పాతది చేత్తో పట్టుకుని వెళ్లండి. షాఫ్టు మీద పళ్లు లెక్కపెట్టండి. ఒకే కంపెనీలో కూడా మోటారు సైజును బట్టి పళ్ల సంఖ్య మారుతుంది. పాతదాని మీద చెక్కిన అంకెలు, అక్షరాలు ఫొటో తీసుకోండి. హబ్ లోంచి పొగ వదిలే రకమా కాదా చూడండి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొంటే ఇక్కడే దెబ్బతింటారు.

బిగించే పద్ధతి?

ముందు వైర్ బ్రష్షుతో షాఫ్టు పళ్లు శుభ్రం చేయండి. సీలు వైపు బ్రష్షు పోనివ్వకండి. ఈ సందర్భంలోనే షాఫ్టును చేత్తో తిప్పి, కొస ఊగుతోందా చూడండి. పక్కన పెన్సిలు కదలకుండా పట్టుకుంటే కంటికి తెలుస్తుంది. ఊగితే షాఫ్టు వంగింది, కొత్త ప్రొపెల్లర్ వేసినా అదురు పోదు.

పళ్ల నిండా గ్రీజు పూయండి. థ్రస్ట్ వాషర్ ముందు. వాలుగా ఉండే వైపు ప్రొపెల్లర్ హబ్ వైపు రావాలి. నేను ఒకసారి ఈ వాషరు మరిచిపోయి బిగించేశాను. ప్రొపెల్లర్ గేర్‌బాక్స్‌కు రాసుకుంటూ గరగరమంది. అదృష్టం కొద్దీ ఒడ్డు దగ్గరే తెలిసింది. తువ్వాలు మీద ఒక్క ముక్క మిగిలినా నట్టు మళ్లీ విప్పాల్సిందే.

తర్వాత ప్రొపెల్లర్, స్పేసరు, వాషరు, నట్టు. నట్టుకు గాడులున్న వైపు బయటికి. ఎంత బిగించాలన్నది మాన్యువల్ చెబుతుంది. చిన్న మోటార్లకు 15–20 న్యూటన్ మీటర్ల దగ్గర, పెద్దవాటికి 50 పైన ఉంటుంది. గాడి, పిన్ను రంధ్రం ఎదురెదురు రాకపోతే ఇంకాస్త బిగించి కలపండి. వెనక్కి వదులు చేసి కలపకండి. ఇది చాలామంది తలకిందులుగా చేస్తారు.

కొత్త కాటర్ పిన్ను వేసి కాళ్లు రెండు వైపులా వంచండి. పాత పిన్ను తిన్నగా చేసి మళ్లీ వాడేవాళ్లకు ఒకటే మాట, కొత్త పిన్నుకు టీ ఖరీదు కూడా కాదు. ఇప్పుడు చెక్క ముక్క తీశారా? తీయకుండా స్టార్ట్ చేసినవాళ్లున్నారు. వాళ్లలో నేను లేను, కానీ ఆ రోజు అక్కడే ఉన్నాను.

బిగించాక వెంటనే ఏం చూడాలి?

న్యూట్రల్‌లో చేత్తో తిప్పండి, ఎక్కడా రాసుకోకూడదు. ఒడ్డుకు దగ్గరలోనే పది నిమిషాలు మెల్లగా నడపండి. అదురు, కొత్త చప్పుడు లేకపోతే తిరిగొచ్చి, మళ్లీ మోటారు ఆపే తతంగమంతా చేసి, నట్టు వదులైందా చూడండి.

లాంగ్ టెయిల్ ఇంజన్లకూ, లాంచీలకూ ఇదే పద్ధతా?

లాంగ్ టెయిల్‌కు ఇంకా సులువు. ఇంజన్ నుంచి వచ్చే పొడవాటి గొట్టం చివర ప్రొపెల్లర్ కళ్ల ముందే ఉంటుంది. మర ఏ వైపో చూసుకుని విప్పడమే. దాని బలహీనత షాఫ్టు బుష్షు (షాఫ్టు తిరిగే చిన్న గొట్టం), ఇసుక నీళ్లకు తొందరగా అరుగుతుంది. ప్రొపెల్లర్ తీసినప్పుడు షాఫ్టును పక్కకు ఊపి చూడండి.

లాంచీలు, ఇసుక పడవల సంగతి వేరు. లోపలి ఇంజన్ నుంచి వచ్చే షాఫ్టు కొస సన్నగా వాలుగా ఉంటుంది, కంచు లేదా ఇత్తడి ప్రొపెల్లర్ దాని మీద బిగుసుకుని, మధ్యలో కీ (జారకుండా పట్టే లోహపు ముక్క), వెనక రెండు నట్లు ఉంటాయి. దాన్ని లాగడానికి పుల్లర్ కావాలి, పడవ ఒడ్డెక్కాలి. పుల్లర్ బిగించేటప్పుడు నట్టును పూర్తిగా తీసేయకండి, రెండు మరలు ఉంచండి. పట్టు వదిలిన క్షణంలో అంత బరువూ ఒక్కసారి ఎగిరి మీద పడుతుంది. ఇది మీ సరంగునూ, ఒక అనుభవజ్ఞుణ్నీ పక్కన పెట్టుకుని చేసే పని.

మనది మంచినీళ్లే కదా, తుప్పు భయం ఉందా?

ఉప్పునీళ్లంత లేదు. కానీ మోటారుకు ఉండే అనోడ్ ముక్కను (మోటారు బదులు తాను తుప్పుకు అరిగే లోహపు ముక్క) ఒకసారి చూసుకోండి. జింకుది అయితే మంచినీళ్లలో పైన పొర కట్టి పని చేయడం మానేస్తుంది, అల్యూమినియంది నయం. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా పోయి వచ్చేవాళ్లు రాగానే మంచినీళ్లతో కడిగి, ఆ నెలలోనే ప్రొపెల్లర్ విప్పి గ్రీజు మార్చుకోవాలి.

ఎన్నాళ్లకోసారి విప్పాలి?

మంచినీళ్లలో, వారానికోసారి నడిపే పడవకు రెండు నెలలకోసారి. వలల మధ్య తిరిగితే నెలకోసారి. చవితికి, దసరాకు చెప్పాను కదా. ఏదైనా గట్టిగా తగిలినా, దారం లాగినట్టు అనిపించినా ఆ రోజే.

పడవలో స్పేరు ఏమేం ఉంచాలి?

పాత ప్రొపెల్లర్ పారేయకండి, అదే స్పేరు. దానితో పాటు ఒక నట్టు, థ్రస్ట్ వాషరు, నాలుగు కాటర్ పిన్నులు, షియర్ పిన్నులు అవసరమైతే అవి, సరిపోయే పానా, ప్లేయర్. అన్నీ మూత ఉన్న డబ్బాలో వేసి, ఆ డబ్బాను పడవకు తాడుతో కట్టండి. ఒక జత తెడ్లు కూడా ఉండాలి. ఎందుకంటే ఇంకో నట్టు నీళ్లలో పడిన రోజు నేను వెంకటపాలెం వైపు నుంచి సీతానగరం దాకా తెడ్డేసుకుంటూనే వచ్చాను.